ఉత్తరాన ఇక చోటు లేని చేపలు

ఆర్కిటిక్ సముద్రంలో సీల్‌లు, బెలూగా, నార్వాల్ తిమింగలాలు, లక్షలాది సముద్ర పక్షులు ఆధారపడి బతికే చేప ఒకటుంది. పేరు పోలార్ కాడ్. జానెడు పొడవుంటుంది, మహా అయితే ఇంకొంచెం. మార్కెట్లో దీనికి పెద్దగా గిరాకీ లేదు. మంచుగడ్డ మీద ఒంటరిగా నిలబడ్డ ధ్రువపు ఎలుగుబంటి ఫొటో చూసి బాధపడేవాళ్లలో చాలామంది ఈ చేప పేరు విని ఉండరు. కానీ ఎలుగుబంటి తినేది సీల్‌ని, ఆ సీల్ కడుపు నింపేవాటిలో ముఖ్యమైనది ఈ చేప. సముద్రం వేడెక్కడం ఆర్కిటిక్ చేపలను ఏం చేస్తోందో తెలుసుకోవాలంటే మొదలుపెట్టాల్సింది దీని దగ్గరే.

1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. వేసవి చివర సెప్టెంబరులో సముద్రం మీద మిగిలే మంచు అప్పట్లో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు ఉండేది. 2012 సెప్టెంబరులో అది 34 లక్షలకు పడిపోయింది. ఆ రికార్డు ఆ తర్వాత చెదరలేదు కానీ, మంచు పాత స్థాయికి మళ్లీ చేరిందీ లేదు. తెల్లటి మంచు ఎండను వెనక్కి కొడుతుంది, నల్లటి నీరు పీల్చుకుంటుంది. కాబట్టి కరిగిన చోట వేడి ఇంకా పెరుగుతుంది.

ఈ మార్పు గురించి వచ్చే వార్తల్లో తరచుగా కనిపించే మాట 'చేపలు ఉత్తరానికి వలస పోతున్నాయి' అని. అందులో నిజం ఉంది, కానీ సగమే. దక్షిణాన ఉన్న చేపకు ఉత్తరం అంటే కొత్త చోటు. అప్పటికే ఉత్తరాన ఉన్న చేప ఎక్కడికి పోవాలి? పైగా దక్షిణం నుంచి వచ్చేవి పెద్ద చేపలు, అమ్ముడుపోయే చేపలు. అవి వలలో పడుతుంటే ఆర్కిటిక్ కొత్తగా కళకళలాడుతున్నట్టు అనిపిస్తుంది. అదే సమయంలో తగ్గిపోతున్న చిన్న చేపల లెక్క ఏ రేవులోనూ తూకానికి రాదు. అందుకే వేడి వల్ల చేపలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్న ప్రశ్నకు, ఎవరి చేపలు అని ఎదురు అడగకుండా జవాబు చెప్పడం కుదరదు.

రక్తం గడ్డకట్టకుండా

సముద్రపు నీరు ఉప్పు వల్ల సున్నా దగ్గర గడ్డకట్టదు, మైనస్ 1.8 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. మామూలు చేప రక్తంలో ఉప్పు అంత ఉండదు కాబట్టి అది మైనస్ 0.7 డిగ్రీల ప్రాంతంలోనే గడ్డకడుతుంది. అంటే ఆర్కిటిక్ చలికాలంలో మామూలు చేప ఒంట్లో రక్తం, చుట్టూ నీటి కంటే ముందే గడ్డకట్టాలి. పోలార్ కాడ్ ఒంట్లో ఒక ప్రత్యేకమైన ప్రోటీన్ ఉంటుంది. రక్తంలో మంచు స్ఫటికం పుట్టగానే ఈ ప్రోటీన్ దాన్ని అంటుకుని, ఇక పెరగనివ్వదు. ఇలాంటి ప్రోటీన్‌ను మొదట 1960లలో ఆర్థర్ డివ్రీస్ అనే శాస్త్రవేత్త అంటార్కిటికా చేపల్లో కనిపెట్టారు. రెండు ధ్రువాల చేపలకూ దగ్గరి చుట్టరికం ఏమీ లేదు. అయినా దాదాపు ఒకే రకమైన ప్రోటీన్‌ను అవి వేటికవి విడిగా తయారుచేసుకున్నాయని 1997లో తేలింది. భూమికి ఈ చివరా ఆ చివరా ఒకే కష్టం వస్తే ఒకే ఉపాయం పుట్టిందన్నమాట. జీవశాస్త్రంలో ఇంత అందమైన సంగతులు అరుదు.

ఈ చేపకు మంచు ఇల్లులాంటిది కూడా. మొదటి రెండేళ్లలో చాలా పిల్ల చేపలు సముద్రపు మంచు అడుగు భాగంలో ఉండే పగుళ్లలో, సందుల్లో దాక్కుంటాయి. పైనుంచి పక్షి అందుకోలేదు, కింద నుంచి సీల్‌కు సులభంగా దొరకదు. మంచు అడుగున పెరిగే నాచును తినే చిన్న చిన్న జీవులు అక్కడే దొరుకుతాయి. అవి కొన్నేళ్లు అలా మంచుతో పాటు కొట్టుకుపోతూ, సైబీరియా తీరం నుంచి ఆర్కిటిక్ మధ్య దాకా వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి.

చలి ఈ చేపకు రక్షణ గోడ కూడా. అంత చల్లటి నీటిలోకి అట్లాంటిక్ కాడ్ లాంటి పెద్ద చేపలు ఎక్కువగా రాలేకపోయేవి. పోలార్ కాడ్ పోటీలో గెలిచి అక్కడ ఉండడం లేదు, పోటీకి వచ్చేవాళ్లు లేకపోవడం వల్ల ఉంది. నీళ్లు నాలుగైదు డిగ్రీలకు వేడెక్కితే పెద్ద పోలార్ కాడ్ వెంటనే చచ్చిపోదు. ప్రయోగశాలలో తిండి బాగా పెడితే పిల్ల చేపలు 5 డిగ్రీల నీటిలో చక్కగానే పెరుగుతాయి. అసలు చిక్కు అంతకు ముందు దశలో ఉంది.

గుడ్డు దగ్గరే గండం

పోలార్ కాడ్ చలికాలం నడుమ, మంచు కింద, చీకట్లో గుడ్లు పెడుతుంది. అట్లాంటిక్ కాడ్ ఒక్కో ఆడ చేప లక్షల్లో గుడ్లు పెడితే, ఇది వేలల్లోనే పెడుతుంది. గుడ్డు ఒకటిన్నర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటుంది, పారదర్శకంగా ఉంటుంది, నీటి కంటే తేలిక. అందుకని పైకి తేలి మంచు అడుగుకు చేరుతుంది. నీటి చలిని బట్టి పిల్ల బయటికి రావడానికి నెలన్నర నుంచి దాదాపు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ ఆ గుడ్డు అక్కడే, నీటి పైపొరలో. తల్లిలా లోతుకు దిగి చల్లటి నీటిని వెతుక్కునే వీలు దానికి లేదు.

గుడ్డుకు మొప్పలు ఉండవు. పెంకు గుండా తనంతట తాను లోపలికి వచ్చే ఆక్సిజనే దిక్కు. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. లీటరు సముద్రపు నీటిలో సున్నా డిగ్రీల దగ్గర 11 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరిగితే, మన విశాఖ తీరంలోలా 28 డిగ్రీలున్న నీటిలో 6 మిల్లీగ్రాములు దాటి కొంచెం మాత్రమే కరుగుతుంది. మరో పక్క వేడి పెరిగితే లోపలి పిండం పెరుగుదల వేగం పెరిగి, ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. వచ్చేది తగ్గుతూ, కావాల్సింది పెరుగుతూ పోతే ఒక దశలో రెండింటికీ పొంతన తప్పుతుంది. పెద్ద చేపకైతే మొప్పలు, బలమైన గుండె ఉంటాయి కాబట్టి కొంత సర్దుకుంటుంది. గుడ్డుకు ఆ అవకాశం లేదు.

జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వేగెనర్ సంస్థ శాస్త్రవేత్తలు పోలార్ కాడ్ గుడ్లను, అట్లాంటిక్ కాడ్ గుడ్లను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెంచి చూసి, 2018లో ఫలితాలు ప్రకటించారు. సున్నాకు దగ్గరి నీటిలో బాగా బతికిన పోలార్ కాడ్ గుడ్లు 3 డిగ్రీల దగ్గర నుంచి దెబ్బతినడం మొదలైంది. ఆపైన వేడి పెరిగిన కొద్దీ పిల్లలుగా బయటికి వచ్చేవి వేగంగా తగ్గిపోయాయి. కార్బన్ డయాక్సైడ్ కలిసి నీరు ఆమ్లంగా మారితే నష్టం ఇంకా పెరిగింది. చల్లటి నీరు ఆ వాయువును ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి ఆర్కిటిక్‌కు ఇది రెండో దెబ్బ. అట్లాంటిక్ కాడ్ గుడ్లు మాత్రం ఇంతకంటే కొన్ని డిగ్రీల ఎక్కువ వేడిని ఓర్చుకున్నాయి. ఈ రెండు చేపల భవిష్యత్తు మధ్య తేడా చాలావరకు ఆ కొద్ది డిగ్రీల్లోనే ఉంది.

అదే బృందం 2020లో 694 జాతుల చేపల సమాచారాన్ని పోల్చి చూసింది. గుడ్లు పెట్టే దశలో ఉన్న చేపలు, గుడ్లలోని పిండాలు, మామూలు పెద్ద చేపల కంటే చాలా తక్కువ వేడి తేడాను తట్టుకుంటాయని తేలింది. ఈ శతాబ్దం చివరికి భూతాపం 5 డిగ్రీలు పెరిగే పరిస్థితి వస్తే, ఆ జాతుల్లో దాదాపు 60 శాతానికి గుడ్లు పెట్టే చోట్లలో నీరు భరించలేనంత వేడెక్కుతుంది. పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపితే ఆ ఇబ్బంది దాదాపు 10 శాతం జాతులకే పరిమితమవుతుంది. అంతకు ముందు చాలా అంచనాలు పెద్ద చేప ఎంత వేడిని ఓర్చుకుంటుందన్న దాని మీదే ఆధారపడేవి. ప్రమాదాన్ని మనం అన్నాళ్లూ తక్కువ చేసి చూశామన్నమాట.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. కెనడా ఆర్కిటిక్‌లో మంచు ముందుగా విడిపోయిన ఏళ్లలో పోలార్ కాడ్ పిల్లలు ఎక్కువ సంఖ్యలో బతికి, వేసవి చివరికి పెద్దవిగా ఎదిగినట్టు సర్వేల్లో కనిపించింది. మంచు ముందే పోతే వెలుతురు ముందే పడుతుంది, పైపొర కాస్త వెచ్చబడుతుంది, పిల్లలకు తిండి తొందరగా దొరుకుతుంది. సున్నా కంటే కింద ఉన్న నీరు సున్నాకు వస్తే ఎవరికైనా కాస్త ఊరటే. అయితే ఈ లాభం కొంత హద్దు వరకే. గుడ్డు ఓర్చుకోలేని వేడికి నీరు చేరాక ఈ లెక్క తిరగబడుతుంది. బారెంట్స్ సముద్రం లాంటి చోట్ల నీరు ఆ హద్దుకు ఇప్పటికే దగ్గరగా ఉంది.

కొవ్వు లెక్క

ఆర్కిటిక్‌లో బతుకు అంతా కొవ్వు మీద నడుస్తుంది. ఏడాదిలో తిండి పుష్కలంగా దొరికేది కొన్ని వారాలే. ఆ వారాల్లో దాచుకున్నదే మిగతా ఏడాదికి ఆధారం. ఆ కొవ్వును సముద్రంలోకి తెచ్చేది కాలానస్ అనే కోపెపాడ్. రొయ్యలకు దూరపు చుట్టం, బియ్యపు గింజంత ఉంటుంది. ఒంట్లో నూనె సంచి ఒకటి బయటికి కనిపించేలా మెరుస్తుంటుంది. చల్లటి నీటి కాలానస్‌ల ఎండు బరువులో సగానికి పైగా కొవ్వే ఉండొచ్చు. వసంతంలో మంచు అడుగున పెరిగే నాచును, తర్వాత నీటిలో విరగబూసే సూక్ష్మ వృక్షాలను తిని అవి ఆ నూనె తయారుచేసుకుంటాయి. చలికాలం లోతుకు దిగి, ఏమీ తినకుండా గడిపేస్తాయి.

అట్లాంటిక్ నుంచి వెచ్చటి నీటితో పాటు వచ్చే కాలానస్ జాతి వేరు. అది చిన్నది, ఒక్కోదానిలో కొవ్వు బాగా తక్కువ. చేప రోజంతా తింటూనే ఉన్నా ఒంటికి పట్టేది తగ్గుతుంది. పైగా నీరు వెచ్చగా ఉంటే చేప ఒంట్లో ఖర్చు ఎక్కువ. కాబట్టి తిండి కొరత, ఖర్చు పెరగడం ఒకేసారి వచ్చిపడతాయి.

ఇది కాగితం మీది ఊహ కాదని అలాస్కా పక్కనున్న బేరింగ్ సముద్రం చూపించింది. అక్కడి పొలాక్ చేపల వేట ప్రపంచంలోనే అతి పెద్ద చేపల వేటల్లో ఒకటి. ఫిష్ ఫింగర్లు, పీత మాంసంలా కనిపించే సురిమి ముక్కలు ఎక్కువగా దాంతోనే చేస్తారు. 2001 నుంచి 2005 దాకా అక్కడ వరుసగా వెచ్చటి ఏళ్లు వచ్చాయి. వేసవి సర్వేల్లో పొలాక్ పిల్లలు లెక్కలేనన్ని కనిపించాయి. వేడి వీటికి మంచిదే అన్న అభిప్రాయం అప్పట్లో బలంగా ఉండేది. కానీ ఆ పిల్లల్లో చాలావరకు చలికాలం దాటలేదు. వెచ్చటి ఏళ్లలో కొవ్వున్న పెద్ద కాలానస్‌లు, క్రిల్ రొయ్యలు కరువై, పిల్లలు పొడుగ్గా ఎదిగాయే గానీ ఒంట్లో నిల్వ లేకుండా చలికాలంలోకి అడుగుపెట్టాయి. దొరికే తిండి తగ్గడంతో పెద్ద పొలాక్‌లు కూడా పిల్లలను తినేశాయి. 2005లో దాదాపు 15 లక్షల టన్నులున్న పొలాక్ కోటా, అంటే ఏడాదికి పట్టనిచ్చే హద్దు, 2009, 2010 నాటికి 8 లక్షల టన్నుల పైచిలుకుకు దిగింది. వేసవిలో ఎన్ని పిల్లలున్నాయన్న దాని కంటే, శరదృతువు నాటికి ఒక్కో పిల్ల ఒంట్లో ఎంత కొవ్వుందన్నదే ముఖ్యమని శాస్త్రవేత్తలు ఆ అనుభవం నుంచే నేర్చుకున్నారు.

బేరింగ్ సముద్రంలో చలి గోడ

ఉత్తర బేరింగ్‌లో చలికాలం మంచు కట్టేటప్పుడు ఉప్పు బయటికి వచ్చేస్తుంది. ఆ ఉప్పటి, చల్లటి, బరువైన నీరు అడుగుకు దిగి, వేసవి పొడవునా 2 డిగ్రీల కంటే చల్లగా అక్కడే ఉండిపోతుంది. శాస్త్రవేత్తలు దీన్ని కోల్డ్ పూల్ అంటారు. పొలాక్, పసిఫిక్ కాడ్ లాంటి వేట చేపలు ఆ నీటిని దాటి ఉత్తరానికి పోవడానికి ఇష్టపడవు. దాని అవతల పోలార్ కాడ్, మంచు పీతల పిల్లలు నిశ్చింతగా ఉండేవి.

2018 చలికాలంలో బేరింగ్ సముద్రం మీద మంచు 150 ఏళ్లకు పైగా ఉన్న రికార్డుల్లో ఎప్పుడూ లేనంత తక్కువ కట్టింది. ఆ వేసవి అడుగు నీటిని కొలిస్తే కోల్డ్ పూల్ దాదాపు లేనే లేదు. అంతకు ముందు ఏడాదికే పసిఫిక్ కాడ్ ఉత్తర భాగానికి పెద్ద ఎత్తున చేరిపోయింది. 2010 సర్వేతో పోలిస్తే అక్కడ దాని బరువు అనేక రెట్లు పెరిగింది. దక్షిణాన దొరికే చేప ఎక్కడికి పోయిందా అని కొందరు కంగారుపడితే, ఉత్తరాన ఊళ్లవాళ్లు తమ వలల్లో కొత్త చేపను చూశారు.

మంచు పీతల సంగతి ఇంకా ఘోరం. పీత చేప కాదు, నిజమే. కానీ చల్లటి అడుగు నీటి మీద ఆధారపడ్డ ప్రాణికి ఏం జరగొచ్చో ఇంత స్పష్టంగా చూపించిన ఉదాహరణ మరొకటి లేదు. 2018లో అవి రికార్డు స్థాయిలో ఉన్నాయి. 2021కి 1,000 కోట్లకు పైగా మాయమయ్యాయి. మొదట అవి వేరే చోటికి పోయాయేమో అనుకున్నారు. వెతికితే ఎక్కడా కనిపించలేదు. నీరు వాటి ప్రాణం తీసేంత వేడి కాలేదు కూడా. కానీ సున్నా నుంచి 3 డిగ్రీలకు పోతే మంచు పీతకు కావాల్సిన తిండి దాదాపు రెట్టింపు అవుతుంది. తక్కువ చోటులో అన్ని పీతలు, అంత ఆకలి. చాలావరకు తిండి చాలకే చచ్చిపోయాయని 2023లో వచ్చిన పరిశోధన తేల్చింది. 2022 అక్టోబరులో అలాస్కా మంచు పీతల వేటను చరిత్రలో మొదటిసారి మూసేశారు. రెండు సీజన్ల తర్వాత, 2024లో, చిన్న కోటాతో మళ్లీ తెరిచారు. పడవ మీద అప్పులు తీర్చాల్సిన కుటుంబాలకు ఆ రెండేళ్లు ఎలా గడిచి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

బారెంట్స్‌లో వచ్చినవి, పోయినవి

నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రం సగటున 230 మీటర్ల లోతే ఉంటుంది. దక్షిణ భాగంలోకి అట్లాంటిక్ నుంచి వెచ్చటి నీరు వస్తుంది, ఉత్తర భాగం ఆర్కిటిక్‌ది. ఆ ఉత్తర భాగాన్ని చల్లగా ఉంచింది ధ్రువం వైపు నుంచి కొట్టుకొచ్చే మంచు. అది అక్కడ కరిగి, ఉప్పు తక్కువున్న తేలికపాటి నీటి పొరను పైన పరుస్తుంది. కింద వెచ్చటి ఉప్పునీరు ఉన్నా ఆ మూత దాన్ని పైకి రానివ్వదు. 2000 సంవత్సరం తర్వాత అలా వచ్చే మంచు బాగా తగ్గింది. మూత పల్చబడింది, కింది వేడి పైకి వస్తోంది, అందువల్ల కొత్త మంచు కట్టడం ఇంకా తగ్గుతోంది. సిగ్రిడ్ లిండ్, ఆమె సహచరులు 2018లో ఈ సంగతి చూపించారు. ఆర్కిటిక్ సముద్రంలో ఒక భాగం మన కళ్లముందే అట్లాంటిక్‌లో భాగమైపోతోంది.

నార్వే, రష్యా కలిసి ఏటా ఆగస్టు, సెప్టెంబరులో ఈ సముద్రమంతా వలలు వేసి లెక్కలు తీస్తాయి. 2004 నుంచి 2012 దాకా వచ్చిన లెక్కలను మరియా ఫోసైమ్ బృందం 2015లో విశ్లేషించింది. అట్లాంటిక్ కాడ్, హాడాక్ లాంటి పెద్ద చేపలు వేగంగా ఉత్తరానికి జరిగాయి. ఆ జరుగుడు వేగం పదేళ్లకు 159 కిలోమీటర్ల దాకా ఉందని వాళ్ల లెక్క. అడుగున బతికే చిన్న ఆర్కిటిక్ చేపలు, అంటే స్కల్పిన్‌లు, స్నెయిల్‌ఫిష్‌లు, ఈల్‌పౌట్‌లు ఈశాన్యపు మూలకు కుంచించుకుపోయాయి.

ఆ మూల దాటితే ఏముంది? బారెంట్స్ సముద్రపు మెట్ట అక్కడితో అయిపోతుంది. అవతల నేల ఒక్కసారిగా మూడు, నాలుగు వేల మీటర్ల లోతుకు దిగిపోతుంది. రెండు మూడు వందల మీటర్ల లోతులో, బురద నేల మీద పురుగులనూ చిన్న రొయ్యలనూ ఏరుకుని బతికే చేప ఆ అగాధంలో బతకలేదు. ఉత్తరాన చల్లటి నీరు ఉంది, కానీ దానికి కాలు మోపే నేల లేదు. భూమి మీద జంతువు కొండ ఎక్కుతూ పోయి శిఖరం దగ్గర ఆగిపోయినట్టే ఇదీ. వలస పోతాయిలే అని తేలిగ్గా అనేసేవాళ్లు సముద్రపు అడుగు పటం ఒకసారి చూడాలి.

వచ్చిన కాడ్ ఊరికే ఉండదు. అది పెద్దది, ఏది దొరికితే అది తింటుంది. పోలార్ కాడ్‌ను తింటుంది, పీతలను తింటుంది, తన జాతి పిల్లలను కూడా తింటుంది. ఉత్తరాన ఇంతవరకు వేటికవిగా ఉన్న ఆహారపు గొలుసులు దాని వల్ల ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఒక చోట తగిలిన దెబ్బ ఇక అన్ని చోట్లకూ పాకుతుంది.

మరి కాడ్‌కైనా ఇది మేలేనా? కొన్నేళ్లు అలాగే కనిపించింది. వెచ్చటి నీరు, దొంగచాటు వేటను అరికట్టడం, జాగ్రత్తగా పెట్టిన కోటాలు కలిసి బారెంట్స్ కాడ్‌ను ప్రపంచంలోనే అతి పెద్ద కాడ్ సంపదగా చేశాయి. 2013లో కోటా 10 లక్షల టన్నులు. అది 2021లో 8.85 లక్షలకు, ఆ తర్వాత ఏటా తగ్గుతూ 2025లో 3.4 లక్షల టన్నులకు వచ్చింది. 1991 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఇదంతా వేడి వల్లే అనడం తప్పు. ఎక్కువ పట్టడం, వరుసగా కొన్నేళ్లు పిల్లలు తక్కువగా బతకడం, రెండూ ఉన్నాయి. అయినా వెచ్చబడితే కాడ్‌కు పండగే అన్న పదేళ్ల కిందటి ధీమా ఇప్పుడు వినపడటం లేదు.

కాడ్ ఏటా జనవరి నుంచి ఏప్రిల్ మధ్య బారెంట్స్ నుంచి దిగి నార్వే తీరంలోని లోఫోటెన్ దీవుల దగ్గర, 4 నుంచి 6 డిగ్రీలున్న నీటి పొరలో గుడ్లు పెడుతుంది. వెయ్యేళ్లకు పైగా అక్కడి జనం ఆ చేపను పట్టి, ఉప్పు వేయకుండా కర్రల పందిళ్లకు వేలాడదీసి, ఫిబ్రవరి నుంచి మే దాకా చలిగాలికే ఎండుచేప చేస్తున్నారు. ఇటలీకి ఒళ్లు, నైజీరియాకు తలలు ఎగుమతి అవుతాయి. మరీ గడ్డకడితే చేప పాడవుతుంది, వెచ్చబడితే ఈగలు ముసురుతాయి. సున్నాకు కాస్త అటూ ఇటూ ఉండాలి. వెచ్చటి దశాబ్దాల్లో కాడ్ గుడ్లు పెట్టే చోటు తీరం వెంట ఉత్తరానికి జరుగుతుందని నూరేళ్ల వేట రికార్డులు చూపిస్తున్నాయి. చేప జరగగలదు, పందిళ్లూ పడవలూ బడులూ ఉన్న ఊరు దానితో పాటు జరగలేదు.

మాకెరల్ కథ కూడా ఇలాంటిదే, దానికి రాజకీయం తోడైంది. మన తీరంలో కానగుర్తలుగా అమ్మే చేపల కుటుంబానికే చెందిన అట్లాంటిక్ మాకెరల్ 2007 ప్రాంతంలో ఐస్‌లాండ్ జలాల్లోకి గుంపులుగా వచ్చింది. 2011లో గ్రీన్‌లాండ్ దాన్ని పట్టడం మొదలుపెట్టింది. 2014 నాటికి ఆ దేశపు ఎగుమతి ఆదాయంలో ఐదో వంతుకు పైగా ఆ ఒక్క చేపదే. అప్పటికే పంపకాలు చేసుకున్న నార్వే, ఐరోపా దేశాలు కొత్తవాళ్లకు వాటా ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఎవరి కోటా వాళ్లే రాసుకున్నారు, అన్నీ కలిపితే శాస్త్రవేత్తలు చెప్పిన హద్దు దాటిపోయింది. చివరకు 2019లో ఈశాన్య అట్లాంటిక్ మాకెరల్ వేటకు, చేపలు తరిగిపోకుండా పడుతున్నారని హామీగా ఇచ్చిన సుస్థిరత ముద్రను తాత్కాలికంగా తీసేశారు. చేప సరిహద్దు దాటింది, ఒప్పందాలు పాత పటం దగ్గరే ఆగిపోయాయి.

పక్షుల నోట

పోలార్ కాడ్‌ను ఎవరూ పెద్దగా పట్టరు కాబట్టి దాని లెక్కలు తక్కువ. ఆ లోటును కొంతవరకు పక్షులు తీరుస్తున్నాయి. అలాస్కా ఉత్తర తీరంలో ఉట్కియాగ్విక్ ఊరికి దగ్గరగా కూపర్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ ఉంది. 1975 నుంచి జార్జ్ డివోకీ దాదాపు ప్రతి వేసవీ అక్కడ నల్ల గిల్లెమాట్ పక్షులను గమనిస్తున్నారు. తల్లిదండ్రులు ఒక్కోసారి ఒక్కో చేపను ముక్కున కరుచుకుని గూటికి తెస్తాయి. కాబట్టి పిల్ల ఏం తింటోందో కంటితో చూసి రాసుకోవచ్చు. మంచు అంచు దీవికి దగ్గరగా ఉన్నన్నాళ్లూ తెచ్చేది పోలార్ కాడ్. మెత్తగా, కొవ్వుతో ఉండి పిల్ల గొంతులో ఇట్టే దిగిపోతుంది. మంచు దూరంగా పోయిన ఏళ్లలో పక్షులు తీరపు అడుగున దొరికే స్కల్పిన్‌ను తెస్తున్నాయి. దానికి పెద్ద తల, దాని నిండా ముళ్లు. కొన్ని పిల్లలు మింగలేక వదిలేస్తాయి. గూళ్లలో ఆకలితో చచ్చే పిల్లలు పెరిగాయి. 1980ల చివర 200 దాటిన జతలు ఆ తర్వాత సగం కంటే తక్కువకు పడిపోయాయి.

నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫియోర్డ్ అనే సముద్రపు పాయలోనూ ఇదే తీరు. 2006 చలికాలం నుంచి అక్కడికి అట్లాంటిక్ నీరు తరచుగా చొరబడుతోంది, సముద్రపు పాయ మునుపటిలా గడ్డకట్టడం లేదు. అక్కడి కిట్టివేక్ పక్షుల తిండిలో పోలార్ కాడ్ తగ్గి, దక్షిణాది చేపలు పెరిగాయి. ఈ పాయ ఒడ్డునే మన దేశపు హిమాద్రి కేంద్రం 2008 నుంచి పనిచేస్తోంది. 2014 జులైలో మన శాస్త్రవేత్తలు ఇండార్క్ అనే పరికరాల వరుసను 192 మీటర్ల లోతున్న చోట నీటిలోకి దింపారు. వేడి, ఉప్పదనం లాంటివి అది ఏడాది పొడవునా కొలుస్తుంది. మంచు, చీకటి వల్ల ఓడలు పోలేని నెలల కొలతలే ఇక్కడ అన్నిటికంటే విలువైనవి. పోలార్ కాడ్ గుడ్లు పెట్టేది సరిగ్గా ఆ నెలల్లోనే.

మధ్యలో తాళం, అంచుల్లో ఓడలు

ధ్రువం చుట్టూ ఏ దేశానికీ చెందని 28 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం ఉంది. మంచు తగ్గడంతో అక్కడికి వేట ఓడలు పోయే రోజు వస్తుందని ముందే ఊహించి, రష్యా, అమెరికా, చైనా, ఐరోపా యూనియన్ సహా పది పక్షాలు 2018 అక్టోబరులో గ్రీన్‌లాండ్‌లోని ఇలులిసాట్‌లో ఒప్పందం చేసుకున్నాయి. అది 2021 జూన్‌లో అమల్లోకి వచ్చింది. కనీసం 16 ఏళ్లు అక్కడ వ్యాపార వేట ఉండదు, ఆ లోపల శాస్త్రీయ సర్వేలు జరగాలి. చేపలను ఊడ్చేశాక నిషేధం పెట్టడం మామూలు. మొదలు కాకముందే పెట్టడం అరుదు. బేరింగ్ సముద్రం నడుమ ఏ దేశానికీ చెందని చోట 1980లలో పొలాక్‌ను విచ్చలవిడిగా పట్టి కొద్ది ఏళ్లలోనే ఖాళీ చేసిన అనుభవం ఆ తొందరకు ఒక కారణం. 2019, 2020లో మోజాయిక్ అనే పరిశోధన యాత్ర ఓడ మంచులో చిక్కుకుని ఏడాది పాటు ప్రయాణిస్తూ వెతికితే, ధ్రువపు లోతు నీటిలో చేపలు చాలా పల్చగా ఉన్నాయని, వాటిలో కొన్ని అట్లాంటిక్ కాడ్‌లు కూడా ఉన్నాయని తేలింది. కాబట్టి ఆ తాళం ప్రస్తుతానికి ఎవరి పొట్టా కొట్టడం లేదు.

అయితే పోలార్ కాడ్ గుడ్లు పెట్టేది ఆ మధ్య సముద్రంలో కాదు. అది అంచున ఉన్న లోతు తక్కువ జలాల్లో, స్వాల్‌బార్డ్ తూర్పున, రష్యా పెచోరా సముద్రంలో గుడ్లు పెడుతుంది. అవి ఆయా దేశాల సొంత జలాలు. పెచోరాలో 2013 నుంచి సముద్రం మధ్య వేదిక మీద చమురు తోడుతున్నారు. సైబీరియా తీరం వెంట ఓడల మార్గం మునుపటి కంటే రద్దీగా ఉంది. చమురు ఒలికితే తేలుతుంది, పోలార్ కాడ్ గుడ్లూ తేలుతాయి. రెండూ చేరేది మంచు కిందికే. చాలా కొద్దిపాటి చమురు తగిలినా ఈ గుడ్లలోని పిల్లలు వంకరగా, బలహీనంగా పుడుతున్నాయని ప్రయోగాల్లో తేలింది.

వేడిని ఆపడం ఒక్క దేశం చేతిలో లేదు. గుడ్లు, పిల్లలు పైపొరలో ఉండే చలికాలపు, వసంతపు నెలల్లో ఆ కొద్ది జలాల నుంచి బరువు నూనెతో, అంటే చమురు శుద్ధి చేశాక మిగిలే చిక్కటి ఇంధనంతో, నడిచే ఓడలను తప్పించడం మాత్రం తీరపు దేశాల చేతిలో పనే. అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ ఆర్కిటిక్‌లో ఆ ఇంధనం మీద 2024 జులై నుంచి నిషేధం పెట్టింది. కానీ తీరపు దేశాలు తమ జలాల్లో తమ జెండా ఓడలకు 2029 జులై దాకా మినహాయింపు ఇచ్చుకోవచ్చని అదే నిబంధనలో రాసింది. ఈ ఐదేళ్ల మినహాయింపును గుడ్లు పెట్టే జలాల వరకైనా వాడుకోకుండా ఉండటానికి ఏ కొత్త ఒప్పందమూ అక్కర్లేదు, ఆ దేశాలు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.